నది లేని మిల్లుల ఊరు: కోవిల్‌పట్టిలో ఒక పాదయాత్ర

డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాల తన చరిత్ర చెప్పుకొనవలసి వచ్చినపుడు స్థాపకులతోను, భవనాలతోను ఆరంభించడం వాడుక. ఆ సంగతులను ఈ సంచికలో పెద్దలు వ్రాసినారు. నేను వ్రాయబోయేది మన బడికి పిల్లలను పంపిన ఊరి సంగతి. ఇందుకు ప్రేరణ తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక.

గత సంవత్సరం సాంఘికశాస్త్రంలో పారిశ్రామిక విప్లవం పాఠం చెబుతున్నాను. మాంచెస్టరు ఇర్వెల్ నది ఒడ్డున ఉన్నది, అహమ్మదాబాదు సబర్మతి ఒడ్డున ఉన్నది, కోయంబత్తూరు నొయ్యల్ ఒడ్డున ఉన్నది, మిల్లుకు నీరే ప్రాణం అని వివరించినాను. ఆ బాలిక లేచి నిలబడి, "టీచరమ్మా, మన ఊళ్లో నది లేదు, వాగు కూడా లేదు. మరి ఇక్కడికి మిల్లులు ఎట్లా వచ్చినవి?" అని అడిగినది. తరగతి అంతా నవ్వినది. నాకు నవ్వు రాలేదు. మిల్లు కార్మికుని కూతురినై పుట్టి, ఇదే ఊళ్లో పెరిగి, ఇన్నేండ్లుగా ఇదే పాఠం చెబుతున్న నాకు ఆ ప్రశ్న ఒక్కనాడైనా తోచలేదు.

"సమాధానం పుస్తకంలో లేదమ్మా. నడిచి వెదుకుదాము" అని చెప్పినాను. సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాత వచ్చిన శనివారం ఉదయం ముప్పయి ఇద్దరు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, నేను, చేతిలో నోటుపుస్తకాలు, మంచినీళ్ల సీసాలతో బయలుదేరినాము. మరి రెండు శనివారాలు కూడా అట్లే నడిచినాము. ఆ నడకలో తెలిసినవి, నాకు ముందే తెలిసి కూడా చెప్పక దాచుకొన్నవి ఇక్కడ వ్రాస్తున్నాను.

రైలుస్టేషను వద్ద

మొదట రైలుస్టేషనుకు పోయినాము. ప్లాట్‌ఫారం చివర నిలబడి పిల్లలను రెండు వైపులా చూడమన్నాను. ఉత్తరాన సాత్తూరు, విరుదునగరం, మదురై. దక్షిణాన మణియాచ్చి, అక్కడినుండి తూత్తుకుడి రేవు. మదురై నుండి తూత్తుకుడి దాకా ఈ ఇనుపదారి పడినది 1876లో. అంతకు పూర్వం ఈ నల్లరేగడి నేలలో పండిన పత్తి ఎడ్లబండ్ల మీదనే రేవుకు పోయేది. వాన పడినచో రేగడిలో బండి చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. పంట చేతికి వచ్చినా రేవుకు చేర్చడం గండమే.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమైనది. అది 1865 వరకు జరిగినది. అమెరికా పత్తి రాక ఆగిపోయి ఇంగ్లండులోని మిల్లులు ఆకలితో అలమటించినపుడు భారతదేశపు పత్తికి ఎన్నడూ లేని ధర పలికినది. మన తిరునెల్వేలి పత్తి లాంకషైరు వర్తకుల నోట "తిన్నీస్" అన్న ముద్దుపేరుతో పలికినది. ఆ ధర నిలువలేదు గాని, ఈ మెట్టనేలలో డబ్బు పండుతుందన్న మాట మాత్రం నిలిచినది. పత్తి పండే నేల మీదుగా రేవుకు రైలు వచ్చినది.

"అయితే రైలే మన నదియా టీచరమ్మా?" అని ఒక కుర్రవాడు అడిగినాడు. ఒక విధంగా అంతే. సరకును మోసుకొనిపోవడం, దూరపు ఊళ్లను కలపడం, ఒడ్డున ఊళ్లను పెంచడం నది చేసే పనులు. ఆ మూడు పనులను మనకు రైలు చేసినది. అయితే ఇంకొక మాట కూడా చెప్పవలసి వచ్చినది. రైలు వచ్చిన 1876లోనే దక్షిణదేశమంతటా మహాకరువు ఆరంభమై 1878 వరకు పీడించినది. ఈ దారిన సరకులతోపాటు మనుషులు కూడా పోయినారు. తూత్తుకుడిలో ఓడ ఎక్కి సింహళంలోని తోటల పనికి వెళ్లినవారిలో ఈ ప్రాంతపు కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

నల్లరేగడి

రెండవ మజిలీ వ్యవసాయ పరిశోధనా కేంద్రం. 1901లో ఏర్పడిన ఈ కేంద్రం దేశంలోని పాత మెట్టసేద్య పరిశోధనా స్థానాలలో ఒకటి. ఇక్కడి శాస్త్రజ్ఞులు మేలుపరచినవాటిలో ముఖ్యమైనది కరుంగణ్ణి పత్తి. ఇది మన దేశవాళీ జాతి. పోగు మరీ పొడవు కాదు గాని తెల్లనిది, గట్టిది. వేరు లోతుకు పోతుంది. ఈశాన్య రుతుపవనం కార్తీకంలో ఇచ్చిపోయిన తడిని రేగడి దాచుకొనగా, ఆ తడితోనే ఎండాకాలం దాకా నిలిచి కాస్తుంది. కాలువ లేకుండా పంట పండడంలోని రహస్యం ఇదే. "నీరు నది రూపంలో లేదు, మట్టిలో ఇంకి ఉన్నది" అని ఒక అమ్మాయి తన నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది. నేను చెప్పగలిగిన దానికంటె ఆ వాక్యం బాగున్నది.

ఈ నేలను దున్నిన చేతులలో మనవారి చేతులు చాల ఉన్నవి. విజయనగర కాలంలోను, మదురై నాయకుల కాలంలోను ఉత్తరాది నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు ముళ్లపొదలను కొట్టి ఈ రేగడిని సాగులోకి తెచ్చినవి. కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు తెలుగు ఇంటిబిడ్డ. ఆ వలసగాథను 1976లో "గోపల్లగ్రామం" అన్న తమిళ నవలగా వ్రాసినారు. దాని కొనసాగింపు అయిన "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. ఆయన 2021లో కీర్తిశేషులైనారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం పలికే మన జీవితం సాహిత్యానికి తగినదని నిరూపించిన మహనీయుడాయన. ఆయన వ్రాసినది పొలాల కథ. పొలం విడిచి మిల్లుకు నడిచిన తరం కథ వ్రాయవలసినది మనము.

మిల్లు వీధి

మన ఊళ్లో మిల్ స్ట్రీట్ అన్న వీధి ఉన్నది. లాయల్ మిల్లు ఆ వీధిలోనే ఉన్నది. ఇక్కడ మిల్లు పని పందొమ్మిదవ శతాబ్ది చివరలోనే మొదలైనది. లాయల్ టెక్స్‌టైల్ మిల్స్ అన్న కంపెనీ 1946లో ఏర్పడినది. ఊరికి రెండవ పెద్ద పేరు లక్ష్మీ మిల్స్. 1910లో కోయంబత్తూరులో ఆ సంస్థను స్థాపించిన జి. కుప్పుస్వామినాయుడుగారు తెలుగువారు. వారి సంస్థ మన ఊళ్లోను నూలుమిల్లు నడిపినది. వారి కుటుంబానికి చెందిన జి. వేంకటస్వామినాయుడుగారి పేర 1966లో కళాశాల వెలసినది. మన పూర్వవిద్యార్థులలో అనేకులు పట్టం పుచ్చుకొన్నది అక్కడనే.

వీధి మొగన ఉన్న టీకొట్టు అరుగు మీద నూలుమిల్లులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన కూర్చొని ఉన్నారు. మన పూర్వవిద్యార్థి ఒకరి తండ్రి. "పెదనాయనా, పిల్లలకు మిల్లు సంగతి కొంచెం చెప్పండి" అని వేడుకొన్నాను. ఆయన గోడకు ఆనుకొని, చేతివేళ్లతోనే మిల్లునంతటినీ కట్టి చూపించినారు. బేలు విప్పి దూదిని దులపడం, దువ్వడం, దువ్విన దూదిని తాడువంటి ఏకుగా తీయడం, ఏకును సాగదీసి సన్నబరచడం, కదురు మీద పురిపెట్టి నూలు చేయడం, కండెలనుండి చిలపలు చుట్టడం. "తెగిన పోగును చూపుడువేలితో, బొటనవేలితో ఇట్లా అంటించవలె. కదురు ఆగకూడదు. నాకు ఈనాటికీ నిద్రలో వేళ్లు ఆడుతవి తల్లీ" అని చెప్పినారు. పిల్లలు అందరూ వేళ్లు కదిపి చూసుకొన్నారు.

"పెదనాయనా, పోగు ఎందుకు తెగుతుంది?" అని మా ప్రశ్నల బాలిక అడిగినది. "ఎండకమ్మా. గాలి పొడిగా ఉన్నదంటే నూలు పెళుసెక్కుతుంది. అందుకే లోపల సన్నని తుంపర చల్లుతూ ఉంటారు. బయట మంచినీళ్ల బిందెకు వరుస, లోపల నూలుకు పన్నీరు" అని ఆయన నవ్వినారు. ఆ నవ్వులో ఎంత చరిత్ర ఉన్నదో పిల్లలకు ఆ క్షణంలో తెలియలేదు. నాకు తెలిసినది. మా అమ్మ తెల్లవారుజామున బిందెలతో వరుసలో నిలబడేది. అదే వేళకు మా నాయన ఆ తుంపరలో నిలబడి మూడవ షిఫ్టు ముగించేవాడు.

మిల్లు కూతను మన ఊళ్లో సంగు అంటారు. మా చిన్ననాట ఇంట్లో గడియారం లేదు. సంగు కూసినచో అన్నం వార్చడం, రెండవసారి కూసినచో బడికి పరుగెత్తడం. మా నాయన పంచెకు ఎప్పుడూ దూదినుసి అంటుకొని ఉండేది. రాత్రిళ్లు దగ్గేవాడు. దూదిధూళి వలన ఊపిరితిత్తులు చెడుతవని వైద్యశాస్త్రం ఏనాడో చెప్పినది. మా ఇంట్లో మాత్రం దానిని "మిల్లు దగ్గు" అనే అనుకొన్నాము, మిల్లు జీతంతోపాటు వచ్చేదన్నట్లుగా.

కార్మికులకు వారానికొక సెలవు, పనిగంటలకు ఒక హద్దు ఎవరూ ఊరక ఇవ్వలేదని కూడా పిల్లలకు చెప్పినాను. హార్వీ సోదరులు 1888లో తూత్తుకుడిలో స్థాపించిన కోరల్ మిల్లులో 1908 ఫిబ్రవరి 27న కార్మికులు సమ్మె కట్టినారు. వారి వెంట నిలిచినవారు ఒట్టప్పిడారంలో పుట్టిన వ. ఉ. చిదంబరం పిళ్లైగారు, సుబ్రహ్మణ్య శివగారు. తొమ్మిది రోజులకు యాజమాన్యం దిగివచ్చి కూలి పెంచడానికి, వారాంతపు సెలవు ఇవ్వడానికి అంగీకరించినది. ఆ మార్చి నెలలోనే ఆ నాయకులను ఆంగ్ల ప్రభుత్వం నిర్బంధించినది. పిల్లలు ఆదివారం ఆడుకొనే ఆట వెనుక ఆ తొమ్మిది రోజుల పస్తులు కూడా ఉన్నవి.

నది తీగల మీద వచ్చినది

ఇంతవరకు నేల, రైలు, చేతులు కనిపించినవి. మిల్లును త్రిప్పే శక్తి ఎక్కడిది? అది తెలుసుకొనడానికి రెండవ శనివారం బస్సులో పాపనాశం వెళ్లి, అక్కడ ఏటి ఒడ్డున నడిచినాము.

పొదిగై కొండలలో పుట్టిన తామ్రపర్ణి నేలకు దిగేచోటు పాపనాశం. ఆ ప్రక్కనే విక్రమసింగపురం. పాఠ్యపుస్తకంలోని నదీతీరపు మిల్లుల ఊరును చూడవలెనన్నచో మన ప్రాంతంలో ఇదే చూడవలె. ఆండ్రూ హార్వీ, ఫ్రాంక్ హార్వీ అన్న స్కాట్లండు సోదరులు 1880ల దశకంలో ఇక్కడ మిల్లు కట్టినారు. బొగ్గు కొనకుండ, కొండ దిగే నీటి బలంతోనే యంత్రాలను త్రిప్పినారు. తూత్తుకుడి, మదురై మిల్లులు ఆ తరువాత వచ్చినవే. పిల్లలు ఏటిలో కాళ్లు పెట్టుకొని కూర్చొన్నారు. ఎండాకాలంలో సైతం పారే నీటిని చూడడం వారిలో కొందరికి అదే మొదటిసారి.

మన ఊరికి ఆ భాగ్యం లేదు. నీరు కరవైన చోట ఆవిరియంత్రానికి బొగ్గూ దూరం నుండే రావలె, నీరూ వెదకి తేవలె. ఈ చిక్కును విప్పినది కరెంటు. ఆనాటి మదరాసు రాష్ట్రంలో పైకారా జలవిద్యుత్కేంద్రం 1932లో, మెట్టూరు 1937లో, పాపనాశం 1944లో పని ఆరంభించినవి. పాపనాశం కరెంటు తిరునెల్వేలి, రామనాథపురం జిల్లాల మెట్టప్రాంతాలకు పాకినది. అప్పటినుండి మిల్లు నది వద్దకు పోనక్కరలేదు. నదియే తీగల మీద మిల్లు వద్దకు వచ్చినది.

నది రెండవసారి గొట్టాలలో వచ్చినది. మన ఊరు త్రాగే నీరు సీవలప్పేరి వద్ద తామ్రపర్ణి నుండి వచ్చేదే. మూడవసారి ఎట్లా వచ్చినదో చెప్పినచో పిల్లలకు నోరూరినది. మన కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. రేగడిలో పండిన వేరుసెనగ, బెల్లంతోపాటు తామ్రపర్ణి నీరు కూడా ఆ రుచికి కారణమని చెబుతారు. తిరిగి వచ్చేటపుడు బజారులో అందరికీ తలా ఒక ముక్క కొని ఇచ్చినాను. "ఇదిగో మన నది" అని ఒక చిలిపివాడు మిఠాయిని పైకెత్తి చూపినాడు.

పొడిగాలి ఇచ్చిన పరిశ్రమ

మూడవ శనివారం అగ్గిపెట్టెల పని చూడబోయినాము. నూలును తెంపే పొడిగాలియే అగ్గిపుల్లకు మేలు చేస్తుంది. మందులో ముంచిన పుల్ల త్వరగా ఆరవలె. అట్టపెట్టెకు తేమ తగులరాదు. శివకాశికి చెందిన పి. అయ్యనాడారు, ఎ. షణ్ముగనాడారు 1922లో కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల విద్య నేర్చుకొని వచ్చి, మరుసటి సంవత్సరం శివకాశిలో పని ఆరంభించినారు. అక్కడినుండి ఆ పరిశ్రమ సాత్తూరుకు, మన కోవిల్‌పట్టికి వ్యాపించినది. వాన తప్పి పంట పోయిన ఇండ్లకు అది కూడు పెట్టినది. అగ్గిపెట్టెల పరిశ్రమలో ఎదిగిన కె. రామస్వామిగారు 1984లో ఇక్కడ నేషనల్ ఇంజనీరింగు కళాశాలను స్థాపించినారు.

అయితే ఈ పరిశ్రమ చరిత్రలో చెప్పడానికి నాలుక తడబడే అధ్యాయం ఒకటి ఉన్నది. పుల్లలను చట్రంలో వరుసగా పేర్చడానికి, పెట్టెలలో నింపడానికి, చీటీలు అంటించడానికి చిన్నవ్రేళ్లు చురుకైనవి. ఆ చిన్నవ్రేళ్లు బడి పిల్లలవి. నేనూ ఆ పని చేసినదాననే. ఎనిమిదవ ఏట నుండి రాత్రి భోజనమైన తరువాత అమ్మ, నేను, చెల్లెలు దీపం చుట్టూ కూర్చొని పెట్టెలు అంటించేవాళ్లము. గ్రోసు అనగా నూట నలభై నాలుగు పెట్టెలు. గ్రోసుకు ఇంత అని కూలి. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు అన్నది నేను ఎక్కాలలో నేర్వలేదు, గంజి అంటిన వ్రేళ్లతో నేర్చినాను. నాకు మిల్లు జీతం తెచ్చే తండ్రి ఉన్నందువలన ఉదయాన బడికి పోగలిగినాను. అట్టి తండ్రి లేని ఇండ్ల ముందర తెల్లవారకముందే బండి వచ్చి నిలిచేది.

నేను ఉద్యోగంలో చేరిన రెండవ సంవత్సరం ఆరవ తరగతిలో లెక్కలు అతి చక్కగా చేసే అమ్మాయి ఒకతె ఉండేది. దీపావళి తరువాత బడికి రావడం మానినది. ప్రతిదినం హాజరుపట్టీలో గైరుహాజరు గుర్తు పెట్టినాను. మూడు వారాలు గడచిన తరువాత గాని ఇంటికి పోలేదు. తల్లి తలవంచుకొని, "అడ్వాన్సు తీసుకొన్నానమ్మా. అప్పు తీరినాక పంపుతాను" అన్నది. ఆ అప్పు తీరలేదు. సంవత్సరాంతంలో రిజిస్టరులో "విడిచిన కారణం" అన్న గడిలో నేను "కుటుంబ కారణాలు" అని వ్రాసినాను. నా చేతివ్రాత అది, ఇప్పటికీ అట్లే ఉన్నది. అబద్ధం కాదు గాని నిజమూ కాదు. మొదటి వారంలోనే పోయి ఉన్నచో ఏమై ఉండేదో నాకు తెలియదు. పోలేదన్నది మాత్రం తెలుసు.

ఆ రోజులు పూర్తిగా చీకటి అని కూడా అనలేము. బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం 1986లో వచ్చినది. 1996 డిసెంబరులో శివకాశి పిల్లల విషయమై సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పి, పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని ఇరవై వేల రూపాయలు సంక్షేమనిధికి కట్టవలెనని ఆదేశించినది. అంతకు ఎంతో ముందే ఈ మెట్టప్రాంతం తన మందును తాను వెదకుకొన్నది. విరుదునగరంలో నాడారు వర్తకులు మహమై అన్న సరకు చందాతోను, ఇంటింటి పిడికెడు బియ్యంతోను 1889లో క్షత్రియ విద్యాశాలను స్థాపించినారు. అక్కడ చదివి, బీదరికం వలన మధ్యలోనే చదువు విడిచిన ఒక బాలుడు ముఖ్యమంత్రి అయినాడు. ఆయన కామరాజుగారు. 1956లో ఆయన ప్రభుత్వం ప్రవేశపెట్టిన మధ్యాహ్నభోజనం ఆకలిగొన్న ఎందరో పిల్లలను పని వద్దనుండి బడి వద్దకు త్రిప్పినది. మన బడి వంటశాలలో పొగ లేచిన దినాలలో హాజరు ఎట్లా పెరిగేదో పాత ఉపాధ్యాయులు చెప్పగా విన్నాను.

ఇప్పుడు పుల్లలు పేర్చే పని చాలవరకు యంత్రాలదే. పదునాలుగేండ్లుగా ఒక్క రూపాయిగా ఉన్న అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైనది. విదేశాల నుండి వచ్చే చౌక లైటర్ల పోటీకి తాళలేక పరిశ్రమవారు మొరపెట్టుకొనగా, ఇరవై రూపాయలకు తక్కువైన లైటర్ల దిగుమతిని కేంద్రప్రభుత్వం 2023లో నిషేధించినది. మేము చూసినచోట పని చేస్తున్నవారందరూ పెద్దవారే. అది చూసి తృప్తి కలిగినది. పిల్లలు యంత్రాన్ని చూసి ఆశ్చర్యపడినారు. నేను యంత్రం ప్రక్కన పిల్లలు లేకపోవడాన్ని చూసినాను.

ఎట్టయపురంలో రెండు జ్ఞాపకాలు

ఆ సాయంకాలం ఎట్టయపురం దాకా పోయి వచ్చినాము. చరిత్ర అనగా గెలిచిన మిల్లుల జాబితా మాత్రమే కాదని పిల్లలకు చూపడం నా ఉద్దేశం. మహాకవి సుబ్రహ్మణ్య భారతి తండ్రి చిన్నస్వామి అయ్యరుగారు యంత్రాలపై మక్కువతో ఎట్టయపురంలో పత్తి పరిశ్రమ నెలకొల్పి, నష్టపోయి, 1898లో మరణించినారు. అప్పటికి భారతికి పదునైదేండ్లు. ఆ పరిశ్రమ నిలువలేదు. ఆ ఇంటి బీదరికంలోనుండి లేచిన స్వరం నిలిచినది.

రెండవ జ్ఞాపకం మనకు మరింత దగ్గరిది. ముద్రణాలయం కూడా కర్మాగారమే గదా. ఎట్టయపురం సంస్థానపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో 1904లో సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చైనది. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు రెండు వందలకు పైగా స్వరలిపితో అందులో ఉన్నవి. ఆ గ్రంథం తెలుగు లిపిలో వెలువడినది. గమకాలను తెలిపే గుర్తులతో కూడిన అంత పెద్ద తెలుగు గ్రంథాన్ని, మదరాసులో కాదు, బెజవాడలో కాదు, మన రేగడినేలలోని ఒక చిన్న ఊళ్లో అక్షరం అక్షరం పేర్చి అచ్చువేసినారు. ఈ మాట చెప్పినపుడు పిల్లల ముఖాలలో కనబడిన వెలుగును నేను మరువలేను. "మన అక్షరాలు ఇక్కడ అచ్చైనవా?" అని ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా అడిగినారు. తెలుగు చదివి ఏమి లాభమని ప్రశ్నించే బంధువుల మధ్య పెరిగే పిల్లలు వారు.

రిజిస్టరులోని గడి

బడికి తిరిగివచ్చిన తరువాత బీరువాలోనుండి పాత ప్రవేశరిజిస్టర్లను తీసి బల్లమీద పెట్టినాను. "తండ్రి వృత్తి" అన్న గడిని మాత్రం వరుసగా చదవమన్నాను. మొదటి పుస్తకాలలో సేద్యం, సేద్యం, కూలి. తరువాతి పుస్తకాలలో మిల్లు, మిల్లు, మిల్లు. అటు తరువాత అగ్గిపెట్టెల పని, లారీ డ్రైవరు, అచ్చుపని. ఈ మధ్య పుస్తకాలలో సెల్‌ఫోను దుకాణం, తిరుప్పూరులో బనియను కంపెనీ, గల్ఫు. పిల్లలలో కొందరు తమ తాతల పేర్లను వెదకి పట్టుకొని ఒకరికొకరు చూపుకొన్నారు. మా నాయన పేరు నాకు కూడా కనబడినది. ఎదుట ఒకే మాట: మిల్లు.

మా బాలిక ప్రశ్నకు అప్పుడు మేమందరం కలిసి సమాధానం వ్రాసినాము. నేల తడిని దాచినది, రైలు దారి ఇచ్చినది, నది తీగలలోను గొట్టాలలోను వచ్చినది, పొడిగాలి కూడా ఒక పరిశ్రమను ఇచ్చినది. కాని ఇవన్నీ ఉన్న ఊళ్లు వేరే కూడా ఉన్నవి. ఇక్కడ మిల్లులను నిలిపినది ఈ గడిలోని మనుషులు. స్థాపకుల పేర్లు కళాశాలల ద్వారాల మీద ఉన్నవి, ఉండవలసినవే. పోగు అంటించినవారి పేర్లు, పెట్టె అంటించినవారి పేర్లు మన ఊళ్లో ఎక్కడైనా వరుసగా వ్రాసి ఉన్నవంటే అది బడి రిజిస్టరులోనే. ఆ పని బడి తెలియకనే చేసినది. ఇకమీదట తెలిసి చేయవలెను.

కావున పూర్వవిద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఇండ్లలో పాత మిల్లు టోకెనులు, జీతపు చీటీలు, బోనసు నోటీసులు, సంఘపు రసీదులు, పాత అగ్గిపెట్టెల చీటీలు, మిల్లు ముందర తీసుకొన్న ఫోటోలు ఉన్నచో పారవేయకండి. ఒక ప్రతియైనా బడికి ఇవ్వండి. గ్రంథాలయంలో ఒక బీరువాను ఇందుకై ప్రత్యేకించినాము. వస్తువులు లేనివారు మీ తల్లిదండ్రుల మాటలను ఇవ్వండి. మా పిల్లలు వచ్చి వ్రాసుకొంటారు. మిల్లు సంగు విన్న తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. వారి వేళ్లలో ఉన్న విద్యను చెప్పించుకొనడానికి మనకు ఎక్కువ కాలం లేదు.

మరొక మాట నా సొంతం. ఆరవ తరగతిలో లెక్కలు చక్కగా చేసిన ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై ఏండ్లు దాటి ఉంటవి. ఈ సంచిక ఏ విధంగానైనా ఆమె చేతికి అందినచో, ఆమె ఒకసారి బడికి రావలెనని కోరుతున్నాను. రిజిస్టరులో "కుటుంబ కారణాలు" అన్న నా వ్రాతను కొట్టివేసే అధికారం నాకు లేదు. ఆ గడి ప్రక్కన అసలు కారణం ఏమో ఆమె మాటలలో వ్రాసి ఉంచడానికి ఆ బీరువాలో ఒక తెల్లకాగితం పెట్టి ఉంచినాను.